అట్టగోడ

ఆ బజారులో మరమేకు కావలసినవాళ్ళెవరూ దుకాణం పేరు అడగరు. "మరల మావయ్య ఎక్కడ కూర్చుంటాడండీ?" అని అడుగుతారు. యాభై మూడేళ్ళ మనిషి. ఇరవై రెండేళ్ళుగా అదే కౌంటరు వెనక, అదే ఎత్తుపీట మీద కూర్చున్నాడు. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు. యజమానీ మావయ్యా అంటాడు, యజమాని కూతురూ మావయ్యా అంటుంది. వరసలు కలిశాయా లేదా అని ఎవరూ చూసుకోలేదు.

ఆయన దగ్గరికొచ్చి "నాలుగు మేకులివ్వండి" అంటే మేకులు రావు, ప్రశ్నలు వస్తాయి.

"గోడ ఏ గోడమ్మా?"

"గోడంటే గోడే. తెల్లగా ఉంటుంది."

"నేను రంగు అడగలేదు తల్లీ, సంబంధం చూడ్డానికి వచ్చామా? తట్టి చూశారా? గట్టిగా ఠక్కుమంటుందా, డొల్లగా మోగుతుందా?"

డొల్లగా మోగుతుందంటే కౌంటరు కింది నుంచి జిప్సం బోర్డు ముక్క ఒకటి పైకి తీసేవాడు. అరంగుళం మందం. రెండు పక్కలా కాగితం, మధ్యలో సుద్ద. "ఇదీ మీ గోడ. దీని వెనకేముంది? గాలి. గాలికి మేకు కొట్టి అద్దం తగిలిస్తే అద్దం ఊరుకుంటుందా?" అని, ఒక్కొక్కటే డబ్బాలోంచి తీసి చూపించేవాడు. గడియారం లాంటి తేలికవాటికి చిన్న ప్లాస్టిక్ ప్లగ్గు. కాస్త బరువైతే స్క్రూలాగే తిరుగుతూ బోర్డును కొరికి పట్టుకునే లావు ప్లగ్గు. ఇంకా బరువైతే రెక్కల బోల్టు. అది కన్నంలోకి ముడుచుకుని దూరుతుంది, అవతలికి వెళ్ళాక గొడుగులా విచ్చుకుంటుంది. మరీ బరువైతే ఇవేవీ కాదు, గోడ లోపలి ఇనుప చట్రం ఎక్కడుందో వెతికి దానికే బిగించాలి. వెతకడానికి చిన్న అయస్కాంతం కూడా చేతిలో పెట్టేవాడు. "దీన్ని గోడ మీద మెల్లగా పాకించండి. ఎక్కడ అతుక్కుంటే అక్కడుంది చట్రం."

ఎంత బరువన్నది రెండో ప్రశ్న. ఆ బరువు కదలకుండా వేలాడుతుందా, రోజూ ఎవరైనా పట్టుకుని లాగుతారా అన్నది మూడోది. అన్నీ అయ్యాక, పొట్లం కట్టి చేతికిస్తూ ఇంకొకటి అడిగేవాడు.

"ఇవాళ్టి బరువు కాదమ్మా, రేపటి బరువు చెప్పండి. షెల్ఫు పెట్టుకున్నవాళ్ళెవరూ దాన్ని ఖాళీగా ఉంచరు."

కొందరు నవ్వేవారు. కొందరు, మేకులకోసం వస్తే మాకు పరీక్ష పెడుతున్నాడని విసుక్కునేవారు. కానీ ఆయన ఇచ్చింది ఊడి పడిందని ఇరవై రెండేళ్ళలో ఒక్కరూ వెనక్కి రాలేదు. ఆ సంగతి ఆయన పైకి అనేవాడు కాదు గానీ, లోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఆ యేడు వానలు మొదలయ్యే ముందు మావయ్య వాళ్ళక్కను ఇంటికి తెచ్చుకున్నాడు.

అక్క అతనికన్నా ఎనిమిదేళ్ళు పెద్ద. తల్లి పోయినప్పుడు అతనికి ఏడేళ్ళు, ఆమెకు పదిహేను. తండ్రి ఊసు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తేవారు కాదు. అక్క పుస్తకాలు బైండింగు చేసే దుకాణంలో చేరి, కాగితాలు మడవడం దగ్గర మొదలుపెట్టి, అట్టలు కోయడం, కుట్టడం, వీపుకు గుడ్డ అతకడం వరకూ అంతా నేర్చింది. తమ్ముణ్ణి జిగురు గిన్నెల మధ్యే పెంచింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో "ముందు వీడి చదువు కానివ్వండి" అనేది. వీడి చదువు పదో తరగతిలోనే ఆగిపోయింది. అక్క పెళ్ళి ఊసు మాత్రం తర్వాత ఎవరికీ గుర్తు రాలేదు.

నలభై ఆరేళ్ళు ఆ పనే చేసింది. రెండేళ్ళుగా ఎడమచేతి వేళ్ళలో సత్తువ తగ్గుతూ వచ్చింది. అదే సమయానికి దుకాణం మూతపడింది. ఆమె అద్దెకున్న గది ఉన్న పాత భవనాన్ని పడగొడతామని నోటీసు అంటించారు. "నాకేంరా, ఇంకో గది చూసుకుంటాను" అంది. మావయ్య భార్య, ఆసుపత్రిలో నర్సు, ఊరికే మాటలు పెంచే మనిషి కాదు. అక్క గది చూడ్డానికి వెళ్ళిన పూట ఫోను చేసి, "వదినా, మీ సామాను నేను సర్దేశాను. బండి కింద ఉంది" అని ఫోను పెట్టేసింది.

సామాను ఎంతో లేదు. బట్టల పెట్టె, గోడ గడియారం, నిలువుటద్దం, పుస్తకాలు కుట్టే చెక్క కుట్టుచట్రం, అట్టపెట్టె నిండా పుస్తకాలు. లెక్కపెడితే పంతొమ్మిది.

"ఇన్నెందుకక్కా? నువ్వు చదివేవా?"

"నావి కావురా. బైండింగుకిచ్చి మళ్ళీ రానివాళ్ళవి."

"ఎన్నేళ్ళయింది?"

"కొన్ని ఇరవయ్యేళ్ళయింది."

"ఇంక వాళ్ళొస్తారా?"

"ఇచ్చినవాళ్ళు మర్చిపోవచ్చు. పుచ్చుకున్నవాళ్ళు మర్చిపోకూడదు" అంది అక్క, అంతకన్నా చెప్పడానికేమీ లేదన్నట్టు.

వాళ్ళ ఇల్లు నాలుగో అంతస్తులో ఉండేది. బయటి గోడలు తప్ప లోపలివన్నీ జిప్సం బోర్డువే. అక్క తనకిచ్చిన గదిలోకి అడుగుపెట్టి, మంచం పక్క గోడను వేలి కణుపుతో తట్టింది. మళ్ళీ తట్టింది. ముఖం చిట్లించింది.

"ఇది గోడ కాదురా. అట్ట."

"అట్ట కాదక్కా, బోర్డు."

"నాకు చెప్తున్నావా అట్ట సంగతి? ఇంతకన్నా గట్టి అట్టలు వేశాను నేను నిఘంటువులకి."

మావయ్య భార్య వంటింట్లోంచి పకపకా నవ్వింది. ఆ వారమంతా ఆ ఇంట్లో నవ్వులే. గడియారానికి చిన్న ప్లగ్గు వేశాడు. నిలువుటద్దానికి అయస్కాంతం పాకించి, చట్రం పట్టుకుని, మూడుచోట్ల బిగించాడు. అక్క పీట మీద కూర్చుని, తమ్ముడి పనితనం చూస్తూ "ఫరవాలేదురా, మేకు కొట్టడమైనా వచ్చింది నీకు" అంది.

షెల్ఫు సంగతి ఆ తర్వాతి ఆదివారం వచ్చింది. మంచం తలవైపు, కుడిచేతికి అందేటట్టు చిన్న షెల్ఫు కావాలంది అక్క. అక్కడ అయస్కాంతం ఎక్కడా అతుక్కోలేదు. చట్రం అడుగున్నర అవతల ఉంది.

"కాస్త జరుపుదామా అక్కా?"

"జరిపితే నాకందదు. ఎడమచెయ్యి ఎలాగూ దండగే. పడుకునే కుడిచేత్తో అందుకోవాలి."

రెక్కల బోల్టులు కావాలి. అవి దుకాణంలో ఉన్నాయి. జేబులో గడియారానికి తెచ్చినవాటిలో మిగిలిన చిన్న ప్లగ్గులు నాలుగున్నాయి. వారమంతా కూర్చుని కూర్చుని నడుం లాగేస్తోంది.

"ఏం పెడతావు దాని మీద?"

"అమ్మ ఫోటో, నీ పెళ్ళి ఫోటో, కళ్ళజోడు. ఇంకేం పెడతాను?"

"సరే, ప్రస్తుతానికి ఇవి వేసేస్తా. వచ్చే ఆదివారం గట్టివి తెచ్చి మారుస్తాను."

వచ్చే ఆదివారం దుకాణంలో సరుకు లెక్క చూడాల్సి వచ్చింది. ఆ పైవారం భార్యకు పగటి డ్యూటీ పడి ఇంటిపని మీద పడింది. ఆ తర్వాత జలుబు. ఆ తర్వాత ఎవరిదో గృహప్రవేశం. బోల్టులు ఒకరోజు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు కూడా. ఆ చొక్కా ఉతుక్కి వెళ్ళింది, బోల్టులు వంటింటి గట్టు మీదకు చేరాయి. ఆరో ఆదివారం ఏ సాకూ లేదు. పడుకుని నిద్రపోయాడు.

ఈలోగా అక్క ఊరికే కూర్చోలేక అట్టపెట్టె తెరిచింది. ఎప్పుడో ఎవరో ఇచ్చిన ఆ పుస్తకాలన్నీ బైండింగు కాకుండానే ఉండిపోయాయి. ఎడమ మోచేత్తో కుట్టుచట్రాన్ని అదిమిపట్టి, కుడిచేత్తో దబ్బనం పొడుస్తూ, రోజుకు కాస్త చొప్పున కుట్టడం మొదలుపెట్టింది. పూర్తయిన పుస్తకాన్ని వంకరపోకుండా నిలబెట్టడానికి చోటు కావాలి కదా. షెల్ఫు చేతికందేంత దూరంలో ఉంది. ముందు ఒకటి పెట్టింది. తర్వాత రెండోది. ఆరు పూర్తయ్యాయి. ఆరోది ఇటుకంత లావు నిఘంటువు.

మావయ్య అది చూడలేదా అంటే, చూశాడు. దాచుకోవడానికి వీల్లేని సంగతి అదే. టీ గ్లాసు అందిస్తూ షెల్ఫు వైపు చూశాడు, పుస్తకాల వీపులు వరుసగా కనబడ్డాయి, ఆదివారం మార్చాలి అనుకున్నాడు, గ్లాసు చేతికిచ్చి బయటికొచ్చేశాడు. కౌంటరు దగ్గర ఎవరైనా ఈ మాట చెప్పుంటే, నిలబెట్టి తిట్టి, అప్పటికప్పుడు బోల్టులు చేతిలో పెట్టి ఇంటికి తరిమేవాడు.

అది ఏడో వారం, మంగళవారం మధ్యాహ్నం. దుకాణంలో ఒక పంతులమ్మకు, బడిలో ఆటబొమ్మలు పెట్టే షెల్ఫు గురించి చెబుతున్నాడు. "పిల్లలు ఊరుకుంటారా? రేపు దాన్ని పట్టుకుని వేలాడతారు. మీరు బొమ్మల బరువు కాదు, పిల్లల బరువు లెక్కెయ్యాలి" అంటుండగా ఫోను మోగింది.

"ఏమండీ, ఆసుపత్రికి రండి" అంది భార్య. ఆమె గొంతు ఎప్పుడూ అంతే, ఎక్కువా తక్కువా లేకుండా ఉంటుంది. "వదిన మీద షెల్ఫు పడింది."

అక్క మంచం మీద కూర్చుని కుడుతోందట. తల పైన చిరుగుతున్నట్టు చప్పుడైంది. షెల్ఫు ముందుకు ఒరుగుతుంటే, పుస్తకాలు పాడైపోతాయని కుడిచెయ్యి పైకెత్తింది. తలకు ఏమీ కాలేదు. నిఘంటువు అంచు మణికట్టు మీద పడింది. దాని మీదే షెల్ఫు చెక్క పడింది.

ఎముక రెండుచోట్ల విరిగింది. వరండాలో భార్య అతన్ని గోడ పక్కకు తీసుకెళ్ళి చెప్పింది. "ఎముక అతుక్కుంటుంది. నరం నలిగింది, వేళ్ళకు పట్టు రాదు. డాక్టరు చెప్పేలోగా నేనే చెప్పేస్తున్నాను. లోపలికెళ్ళి ఆవిడ ముందు ఏడవకండి. ఇక్కడే కానిచ్చి వెళ్ళండి."

అతను అక్కడే కానిచ్చి లోపలికి వెళ్ళాడు.

"నీ తప్పేముందిరా" అంది అక్క, కట్టు కట్టిన చెయ్యి దిండు మీద పెట్టుకుని. "ఫోటోలన్నాను. పుస్తకాలు పెట్టాను. నాది కదూ తప్పు?"

ఇంటికొచ్చి ఆ గదిలో నిలబడ్డాడు. గోడ మీద నాలుగు కన్నాలు, వాటి చుట్టూ చిరిగిన కాగితం, నేల మీద సుద్దపొడి. దగ్గరికెళ్ళి వేలితో తడిమాడు. పై కన్నం పక్కన వేలికి ఏదో నునుపుగా తగిలింది. గోరుతో లేపితే సన్నని గుడ్డ పట్టీ ఊడి వచ్చింది. పుస్తకం వీపుకు అతికించే గుడ్డ. గోడ రంగుకు సరిపోయే రంగుది ఎంచి, అంచులు కనబడకుండా పల్చగా జిగురు రాసి, పగులు మీద అతికించింది అక్క. ఆ పక్కన ఇంకొకటి. షెల్ఫుకూ గోడకూ మధ్య విచ్చుకున్న సందులో కూరిన కాగితం, మడతలు మడతలుగా నేల మీద పడి ఉంది. ఎన్నాళ్ళ నుంచో ఆమె ఒక్కతే, తనకు తెలిసిన విద్యతో, ఆ గోడను కూడా బైండింగు చేస్తూ వచ్చింది.

"ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టు" అని పైకే అన్నాడు, ఎవరూ లేని గదిలో. ఆ సామెత చెప్పి దుకాణంలో ఎన్నిసార్లు నవ్వించాడో. నేల మీద కూర్చుండిపోయాడు.

అక్క ఇంటికొచ్చాక పట్టీ సంగతి అడిగాడు. "పగిలిందని నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెబితే ఆదివారం పూట మళ్ళీ నిచ్చెనెక్కుతావు. ఉన్నది ఒక్క ఆదివారం."

అంతే. కోపం లేదు, నిష్ఠూరం లేదు. అదే అతన్ని ఎక్కువ కాల్చింది. తిట్టినా బాగుండుననుకున్నాడు. కొన్ని వారాలకు కట్టు విప్పారు. చెయ్యి సన్నబడి, వేళ్ళు సగం ముడుచుకుని, ఎవరిదో అరువు తెచ్చుకున్నట్టు ఉంది. గ్లాసు పట్టుకోలేదు. రవిక హుక్కు పెట్టుకోలేదు. మంచం మీంచి లేవాలంటే పట్టుకోవడానికి రెండు చేతుల్లోనూ పట్టు లేదు. మావయ్య భార్య పొద్దున్నే వెళ్ళేలోగా స్నానం, బట్టలు చూసి వెళ్ళేది. కుట్టుచట్రం కిటికీ పక్కన అలాగే ఉండిపోయింది. అందులో సగం కుట్టిన పుస్తకం ఒకటి. పక్షుల బొమ్మల పుస్తకం. ప్రతి పక్షి పక్కనా ఎవరో పెన్సిలుతో, ఎప్పుడు చూశారో ఆ తేదీ రాసుకున్నారు.

ఒకరోజు భార్యకు డ్యూటీ తొందరగా పడింది. తల దువ్వే పని మావయ్య మీద పడింది. వెనక కూర్చుని, దువ్వెన ఎక్కడ పట్టాలో తెలియక, చిక్కు లాగాడు. అక్క "అబ్బా" అంది. మూడు పాయలు తీస్తే రెండు జారిపోయాయి. మళ్ళీ మొదలుపెట్టాడు. దుకాణం వేళ మించిపోతోంది. రబ్బరు బ్యాండు తీసి జుట్టంతా కలిపి బిగించాడు.

"ప్రస్తుతానికి ఇలా ఉంచుతానక్కా. సాయంత్రం నీ మరదలొచ్చాక..."

అక్క గిర్రున వెనక్కి తిరిగింది. యాభై మూడేళ్ళలో తమ్ముడి మీద ఎన్నడూ లేవని గొంతు లేచింది.

"ప్రస్తుతానికి! నీకంతా ప్రస్తుతానికే! ఊళ్ళో దారినపోయే ప్రతివాణ్ణీ నిలబెట్టి అడుగుతావట కదరా, ఎంత బరువూ, రేపు ఎంత బరువూ అని. వాళ్ళంతా నీకేమవుతారు? నన్నడిగావా? కళ్ళారా చూశావు పుస్తకాలు. టీ ఇచ్చి పోయావు. నా చేతులురా అవి! నీకు అన్నం పెట్టిన చేతులు! ఇంక నేను ముక్కు చీదుకోవాలన్నా ఒకళ్ళు రావాలి!"

మంచం పట్టీని కాలితో తన్నింది. కొట్టడానికి చెయ్యెత్తింది. వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి. ఆ చెయ్యి చూసుకుని భోరుమంది.

మావయ్య ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చాలాసేపటికి ఏడుపు తగ్గింది. "జడ వెయ్యి" అంది. రబ్బరు బ్యాండు తీసేసి మళ్ళీ పాయలు తీశాడు. ఆ రోజు దుకాణానికి వెళ్ళలేదు.

మర్నాడు కూడా వెళ్ళలేదు. మంచం పక్క గోడను నడుమెత్తున అడ్డంగా కోసి, బోర్డు ఊడదీశాడు. రెండు చట్రాల మధ్య దళసరి ప్లైవుడ్ పలక పెట్టి, రెండు పక్కలా ఇనుముకే బిగించాడు. పైన కొత్త బోర్డు, ఆ పైన పూత. పిడికిలి బిగించి పట్టుకునే కడ్డీ ఆమెకు పనికిరాదు. అందుకని గోడకు ఎడంగా, మోచెయ్యి వెనక్కి దూర్చి లేవడానికి వీలుగా, పైపు వంపించి తెచ్చాడు. అలాంటిదే స్నానాలగదిలో కూడా. ప్రతి మర బిగించే ముందు "ఇక్కడ అందుతుందా అక్కా? కూర్చుని చూడు. లేచి చూడు" అని అడిగాడు. ఎన్నిసార్లడిగాడంటే చివరికి ఆమె విసుక్కుంది.

పూత ఆరాక ముందు తానే కడ్డీ పట్టుకుని వేలాడాడు. కాళ్ళు పైకి ముడుచుకుని, తల్లి కోతికి వేలాడే పిల్లకోతిలా. చాలదని భార్యను కూడా పిలిచాడు. డ్యూటీ నుంచి వచ్చిన బట్టలతోనే ఆమె కూడా పట్టుకుని వేలాడింది. ఇద్దరి బరువుకూ కడ్డీ కదల్లేదు.

"దిగండర్రా, గోడతో సహా పక్కింట్లో పడతారు" అంది అక్క. అంటూ నవ్వింది. చెయ్యి విరిగాక అదే మొదటి నవ్వు.

ఆ తర్వాత ఆదివారాలు ఆమెవి అయ్యాయి. పెట్టెలో ఇంకా కుట్టని పుస్తకాలున్నాయి. మావయ్య చేతులు, అక్క నోరు. దారానికి మైనం రాయడం, ఫారాలనే మడతకాగితాల దొంతులు సమంగా పేర్చడం, దబ్బనం మడతలో ఎక్కడ పొడవాలో, అన్నీ ఆమె చెప్పడం, అతను చెయ్యడం. పని దగ్గర ఆమె చాలా కఠినురాలు.

"దారాన్ని గుంజకు. ఎద్దును లాగుతున్నావా? రమ్మంటే రావాలి దారం."

"మరలకు ఇంత బాధ లేదక్కా."

"మర పట్టుకుని ఉంటుంది. కుట్టు పట్టుకుంటూ వదులుతూ ఉండాలి, పుస్తకం తెరుచుకోవాలి కదా. ఆ ముడి విప్పు."

విప్పేవాడు. ఆ వానాకాలం, ఆ చలికాలం కలిపి మూడు పుస్తకాలు పూర్తయ్యాయి. మూడోది కాస్త పుస్తకంలా కనబడింది. చట్రంలో ఉన్న పక్షుల పుస్తకం మీద మాత్రం చెయ్యి వెయ్యనిచ్చేది కాదు. "అది నా చేత్తో మొదలుపెట్టింది. కాస్త పట్టు వస్తే నేనే పూర్తిచేస్తాను" అనేది. పట్టు రాదని ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. రోజూ సాయంత్రం వేళ్ళతో మెత్తని బంతి నొక్కుతూ కూర్చునేది. బంతి అణిగేది కాదు.

చలికాలం చివర ఆమెకు రొమ్ము పట్టేసింది. ముందు దగ్గు, తర్వాత ఆయాసం. భార్య పనిచేసే ఆసుపత్రిలోనే చేర్చారు. వారం రోజులున్నారు. ఆరో రోజు పొద్దున, మావయ్య తల దువ్వి జడ వేస్తుంటే, అక్క కళ్ళు మూసుకునే అంది.

"తమ్ముడూ, ఆ పక్షుల పుస్తకం నువ్వే కుట్టెయ్యి."

"నువ్వు చెబుతూ ఉండు, కుడతాను."

"జడ బాగా వస్తోందిరా ఇప్పుడు" అంది. మర్నాడు పది గంటలప్పుడు పోయింది. భార్య ఆ వార్డులోనే ఉంది. అన్నీ తనే చూసుకుంది. అన్నీ అయ్యాక మందులగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ ఏడుపు వరండాలో ఉన్న మావయ్యకు వినబడింది. పెళ్ళయిన ఇరవై ఏడేళ్ళలో ఆమె ఏడవడం అతను వినడం అదే మొదలు.

దుకాణానికి మళ్ళీ వెళ్ళసాగాడు. ప్రశ్నలు అడిగేవాడు, కానీ వెనకటి వేళాకోళం లేదు. బోర్డు ముక్క చేతిలో పట్టుకుని ఒక్కోసారి మధ్యలో ఆగిపోయేవాడు. వచ్చినవాళ్ళు కాసేపు చూసి, "మావయ్యా, ఎన్ని ఇమ్మంటావు?" అని వాళ్ళే అడిగేవారు.

రెండు నెలలయ్యాక ఒక ఆదివారం చట్రం ముందు కూర్చున్నాడు. పక్షుల పుస్తకం సగం వరకూ అక్క కుట్టు. అక్కడి నుంచి అతను అందుకున్నాడు. నేర్చుకున్నదంతా గుర్తు తెచ్చుకుని, ఒక్కో ఫారమూ పేర్చి, నాలుగు ఆదివారాల్లో చివరి దాకా కుట్టాడు. కుట్టడమైతే అయింది. ఇది ముందు కుట్టిన మూడింటిలా లేదు. మడతలు లావు, పుటలు బరువు. వీపు ఒకవైపు ఉబ్బింది. ఇలాంటప్పుడేం చెయ్యాలో ఆమె చెప్పలేదు. అడగడానికి లేదు.

ఊరికి అవతలి చివర ఇంకా ఒక బైండింగు దుకాణం ఉందని విని, పుస్తకం గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళాడు. బైండరు బట్టతల మనిషి, ముక్కు చివర కళ్ళజోడు. పుస్తకం అందుకుని, వీపు తిప్పి, బొటనవేలితో కుట్టు వెంట తడుముకుంటూ వెళ్ళాడు. సగంలో వేలు ఆగింది. మళ్ళీ మొదటికొచ్చి తడిమాడు.

"ఇక్కడిదాకా ఎవరి చెయ్యండీ?"

"మా అక్కది."

"ఇంత సమంగా కుట్టేవాళ్ళు ఇప్పుడు లేరు. ఎక్కడ చేస్తున్నారావిడ?"

"పోయింది."

బైండరు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఇక్కడి నుంచి?"

"నాది."

"ఏమీ అనుకోకండి" అన్నాడతను. "పైన అట్ట వేసేస్తే ఎవరికీ కనబడదు. చూడ్డానికి నిక్షేపంలా ఉంటుంది. నాలుగుసార్లు తెరిచారంటే పుటలు చేతికొస్తాయి. ఈ సగం విప్పి మళ్ళీ కుట్టాలి."

ఉండనివ్వండి, అలాగే అట్ట వేసెయ్యండి అనబోయాడు మావయ్య. ఒకే దారం మీద అక్క కుట్టూ తన కుట్టూ కలిసి ఉన్నది ఆ ఒక్క పుస్తకంలోనే. పుస్తకం మీద చెయ్యి వేశాడు.

"కత్తెర ఇటివ్వండి. నేనే విప్పుతాను."

బైండరు పీట జరిపాడు. మావయ్య చివరి నుంచి మొదలుపెట్టాడు. ఒక్కో కుట్టు కిందా కత్తెర మొన దూర్చి తెంచి, దారప్పోగులు ఒళ్ళో వేసుకున్నాడు. కళ్ళకు నీళ్ళడ్డమొస్తుంటే మోచేత్తో తుడుచుకుని, కాగితం మీద పడకుండా తల పక్కకు తిప్పుకున్నాడు. బైండరు చూడనట్టే తన పని తను చేసుకుంటూ, అక్క కుట్టు మొదలయ్యే మడత రాగానే మాత్రం "అక్కడ ఆపండి" అన్నాడు.

మావయ్య ఆపాడు. బైండరు మైనం రాసిన దారం తెచ్చి అతని ముందు పెట్టి, పక్కన కూర్చున్నాడు.

ఆ పుస్తకం పూర్తవడానికి ఇంకో మూడు ఆదివారాలు పట్టింది. ఇంకా కుట్టాల్సిన తొమ్మిదీ పెట్టెలోనే ఉన్నాయి.